సమాధానం ఎటు పోతున్నట్టు?

1962 ఫిబ్రవరిలో పందేలు ముగిసిన వారానికి, సమాధానం పని మానేస్తున్నాడన్న కబురు తడ ఊరంతా పాకింది.

గూడూరు మైకా గనుల యజమాని ఒకాయనకు కార్ల పందేల సరదా. మద్రాసు దగ్గర షోళవరంలో ఏటా జరిగే పందేల్లో ఆయనవి రెండు కార్లు పరుగెత్తేవి. వాటిని సిద్ధం చేసే షెడ్డు తడలో, మద్రాసు రోడ్డు పక్కన ఉండేది. ఆ షెడ్డుకూ, ఇద్దరు డ్రైవర్లకూ, నలుగురు మెకానిక్కులకూ సమాధానమే పెద్ద. పటాలంలో మోటారు బండ్ల మీద పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. కారు ఎప్పుడు ఆగాలో, చక్రం ఎప్పుడు మార్చాలో ఆయన చెయ్యెత్తితేనే జరిగేది. ఆ ఏడు రెండు కార్లూ గెలిచాయి. గెలిచిన మర్నాడే ఆయన, “ఈ నెలాఖరు వరకే చేస్తానండీ” అని యజమానికి చెప్పేశాడు. ఎందుకో చెప్పలేదు. ఎక్కడికో అసలే చెప్పలేదు.

కాఫీ హోటలు గంగాధరానికి ఇంకేం కావాలి?

“పందేల్లో పచ్చకార్లు తోలే మద్రాసువాళ్లు లాక్కపోతుండారు. మొన్న ఒక దొర కారు దిగి, సమాధానంతో అరగంట మాట్లాడినాడు. నేను కళ్లారా చూసినా.”

లారీ డ్రైవరు హజరత్తయ్య ఒప్పుకోలేదు. “కాదు. నాయుడుపేటలో బస్సుల కంపెనీ పెడతా ఉండాడు.”

మూడో రోజుకు మాటల్లోకి బొంబాయి వచ్చింది. నాలుగో రోజుకు సినిమావాళ్లు వచ్చారు. ఆ మాటలు నడుస్తుండగానే సమాధానం హోటల్లోకి వస్తే అందరూ ఇడ్లీల మీదికి వంగేవాళ్లు. ఆయన కాఫీ తాగి, పేపరు చదివి, మడిచిపెట్టి వెళ్లిపోయేవాడు.

ఈ సందడిలో నవ్వు రానిది పెంచలయ్య ఒక్కడికే. ఆరేళ్లుగా సమాధానం దగ్గర పెద్ద మెకానిక్కు. తనకైనా చెప్పలేదే అని మనసు నొచ్చుకుంది. “మూతి ముడుచుకోని కూసుంటే తెలస్తాదా? పోయి అడుగు” అంది భార్య మస్తానమ్మ.

షెడ్డులో సమాధానం పానాలు నూనెగుడ్డతో తుడుస్తున్నాడు.

“అన్నా, మీతో నన్ను కూడా తీసకపోండి.”

“యాడికో తెలుసునా?”

“తెలీదు. మీరు యాడుంటే ఆడ.”

సమాధానం చేతిలోని పానా కింద పెట్టాడు. “ఆదివారం గుడిలో ప్రార్థన అయినాక భీములవారిపాళెం రేవుకు రా. అప్పుటిదాకా ఎవురికీ చెప్పబాకు.”

పెంచలయ్య మస్తానమ్మకు మాత్రమే చెప్పాడు. ఆదివారం రేవులో సగం తడ నిలబడి ఉంది.

పులికాటు నీళ్ల మీద తెల్లరంగు వేసిన చిన్న లాంచీ ఒకటి ఊగుతోంది. మిషన్ ఆసుపత్రి వాళ్లది. పాదిరిగారు దాని ముందు నిలబడి ప్రార్థన చేశారు. ఆ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న సమాధానం భార్య రెబెక్కమ్మ మందులపెట్టె పట్టుకుని ఎక్కింది. ఆ వెనకే సమాధానం ఎక్కి ఇంజను దగ్గర కూర్చున్నాడు.

గంగాధరం నీళ్లలోకి దిగినంత పని చేశాడు. “ఇదేందన్నా? మద్రాసువాళ్లు పిలిస్తే పోకుండా?”

“మద్రాసువాళ్లు నన్ను యాడ పిలిచినారు?”

“మరి ఆ దొర?”

“కొంగలను చూసేదానికి వచ్చినాడు. దారి అడిగితే చెప్పినా.”

“మరి ఈడ పెద్ద ఎవురు, నువ్వేనా?”

సమాధానం రెబెక్కమ్మ వైపు చూపించాడు. రేవంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా, “పెంచలయ్యా, ఎక్కు. పొద్దు పోతా ఉంది” అంది.

లాంచీ కదిలాక సమాధానం సంగతి చెప్పాడు. నిరుడు వానల్లో ఇరకం దీవిలో ఒకామెకు కాన్పు కష్టమైంది. రెబెక్కమ్మ గెడలతో తోసే పడవలో వెళ్లేసరికి మూడు గంటలు పట్టింది. తల్లీ బిడ్డా దక్కారు గానీ, ఇంటికి వచ్చి రెబెక్కమ్మ అంది: “మీరేమో ఆడ కార్లను వంద మైళ్ల స్పీడుతో ఉరికిస్తుండారు. నేను ఈడ గెడ ఎప్పుడు లేస్తాదా అని చూస్తా కూసోనుండాను.” ఆ మాట ఆయనను వదల్లేదు. ఆసుపత్రికి లాంచీ వస్తుందని తెలిసి అర్జీ పెట్టుకున్నాడు. కమిటీ ఖాయం చేసింది నిన్ననే. ఈలోగా చెప్పుకుంటే బాగుండదని నోరు మూసుకున్నాడు.

“నాకన్నా చెప్పుండొచ్చు గదన్నా.”

“నీకు చెప్తే మస్తానమ్మకు చెప్తావు.”

సగం తడ ఇంకా నిలబడే ఉన్న రేవు వైపు పెంచలయ్య తిరిగి చూశాడు.

లోతు నీళ్లలోకి రాగానే సమాధానం మొహం వెలిగింది. ఇంజను గొంతు పెంచాడు. నీళ్లు రెండు పక్కలా లేచాయి.

“మెల్లిగా” అంది రెబెక్కమ్మ. “సీసాలు పగులుతాయి.”

“అట్లనే” అని తగ్గించాడు. పందెంలో ఎవరి మాటా వినని మనిషి అంత తేలిగ్గా లొంగిపోవడం చూసి పెంచలయ్యకు ఆ వారంలో మొదటిసారి నవ్వు వచ్చింది.

ఇరకం ఇంకా అర మైలుందనగా లాంచీ బురదలో కూరుకుపోయింది. ఇద్దరూ పంచెలు ఎగగట్టి దిగి తోశారు. వలలు ఎత్తుకుంటున్న ముత్యాలయ్య అనే పట్టపు జాలరి తన పడవలోంచే, “నీళ్లలో పాతిన ఆ కర్రల వరసకు ఎడంపక్కనే రావాల నాయనా. ఈ పక్క ఎప్పుడూ లోతుండదు” అని చెప్పి, తానూ దిగి ఒక చెయ్యి వేశాడు.

మోకాళ్ల దాకా బురదతో వాళ్లు దీవికి చేరేసరికి ఆడవాళ్లు పసిబిడ్డలతో ఒడ్డున కూర్చుని ఉన్నారు. రెబెక్కమ్మ పెట్టె తెరిచింది. సమాధానం పెంచలయ్యను పక్కకు పిలిచి, పుల్లతో ఇసుకలో ముత్యాలయ్య చెప్పిన నీటిదారి గీయసాగాడు.