పదకొండుకు ముందు మంచమెక్కొద్దు

నిద్ర పట్టని పిల్లను ఇంకా ఆలస్యంగా పడుకోమని చెప్పే మనిషిని మా అవ్వ రెడ్డెమ్మ తన డెబ్భై ఏళ్లలో ఎప్పుడూ చూడలేదట. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా ఉన్న షారోన్ మేడమ్ సరిగ్గా అదే చెప్పింది.

"రాత్రి పదకొండుకు ముందు మంచమెక్కొద్దు వసుధా. పొద్దున ఐదున్నరకు లేచేయాల. ఎంతకీ నిద్ర రాకుంటే మంచం దిగి వేరే చోట కూర్చో, కండ్లు వాలినాక మళ్లీ పో. పగలు మాత్రం కునుకు తీయొద్దు."

అవ్వ కుర్చీలోంచి లేచింది. "ఏమ్మా, బిడ్డకు నిద్ర రాలేదని వస్తే నిద్రపోవద్దంటాండావే! ఆకలని వస్తే అన్నం పెట్టొద్దంటావా?"

మేడమ్ నవ్వింది. "రోజంతా చిరుతిండి తింటే పూటకు ఆకలైతాదా అవ్వా? తొమ్మిదికే పడుకుని దొర్లేది, బస్సులో కునికేది, అదంతా చిరుతిండే. నిద్రకు ఆకలి పుట్టనీ."

అవ్వ కూర్చుంది కానీ, మూతి ముడుచుకునే కూర్చుంది.

నేను కురబలకోట దగ్గర మా ఊరి బడిలో పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఈ ఏడాదే మదనపల్లెలో ఇంటర్‌లో చేరాను. క్లాసులో ఇంగ్లీషులో ఏదైనా అడిగితే జవాబు తెలిసినా నోరు పెగలదు. పగలు చెప్పలేని జవాబులన్నీ రాత్రి మంచం మీద వరుసగా చెప్పుకుంటాను. ఒంటిగంట దాకా, ఒక్కోసారి రెండు దాకా. మూడు నెలలుగా ఇదే వరస. కుప్పం నుంచి పిన్నమ్మ ఫోన్లో చెప్పిన గసగసాల పాలు తాగాను. పెందలాడే పడుకుంటే నిద్ర కూడా పెందలాడే వస్తుందని అవ్వ ఎనిమిదిన్నరకే లైటు ఆర్పించేది. ఆ తర్వాత గంటకోసారి ముఖం మీద సెల్‌ఫోన్ వెలుగు వేసి, "నిద్రపోయినావా మే?" అని అడిగేది. నిద్రపోయి ఉంటే లేచి, "పోయినా అవ్వా" అని చెప్పేదాన్ని.

మా నాయన ఆంజనేయులు మాత్రం దీనికి నవ్వేవాడు కాదు. పుంగనూరులో ఉన్న మా మేనత్త స్వర్ణలతకు కూడా ఇట్లాగే మొదలైందట. ఏముందిలే అనుకుంటూ ఆరేళ్లు నెట్టుకొచ్చింది. చివరికి మనసు కుంగిపోయి, వంట మీదా పిల్లల మీదా ధ్యాస లేక, గోడ వైపు తిరిగి పడుకునే దాకా వచ్చింది. ఇప్పుడు వైద్యంతో కోలుకుంటోంది. నన్ను వెంటనే ఆసుపత్రిలో చూపించమని నాయన వెంటపడింది ఆమే.

"మా అక్కను సూసినా మేడమ్. ఇంకొకర్ని అట్ల సూడలేను" అన్నాడు నాయన, అవ్వ పక్క కుర్చీలోంచి. తర్వాత నా వైపు తిరిగాడు. "నెలాఖరు దాకా సూస్తా వసుధా. నిద్ర కుదురుకుంటే సరి. లేకుంటే కాలేజీ వద్దు. ఇంటికాడ నెమ్మదిగా ఉందువు."

"ముదరకముందే వచ్చినారు కదన్నా. ఇప్పుడు అలవాట్లు సరిచేసుకుంటే తొందరగా దారికొస్తాది" అంటూ మేడమ్ నాకొక కాగితం ఇచ్చింది. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నింటికి లేచాను అన్నది రోజూ పొద్దున అందులో రాయాలి.

నా చెవుల్లో మాత్రం 'కాలేజీ వద్దు' అన్న మాటే మోగుతూ ఉంది.

బస్సులో నన్ను మేలుకొని ఉంచే పని అవ్వ తీసుకుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని రోజూ సాయంత్రం కాలేజీ గేటు దగ్గరికి వచ్చేది. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని నా ఆశ. మొదటి రోజే అవ్వ బస్సంతటికీ చాటింది.

"అమ్మా, ఈ బిడ్డ కండ్లు మూస్తే ఎవురన్నా గిల్లండి!"

"ఏం నేరం చేసిండాదవ్వా?" అన్నాడు కండక్టర్ ఓబులేసు.

"నిద్రకు వైద్యం చేస్తాండాం నాయనా, పస్తు పెట్టి."

బస్సు గొల్లుమంది. నేను కిటికీలోకి తల దూర్చేశాను. పక్కన పూలు కడుతున్న ఒకామె నా మోచేయి తట్టి, "ఏం సదువుతాండావు పాపా?" అని అడిగింది. మొక్కల గురించి అన్నాను. "అయితే ఈ పువ్వులో ఏమేముంటాయో సెప్పు" అంటూ ఒక పువ్వు చేతిలో పెట్టింది. విప్పి చూపిస్తూ మెల్లగా చెప్పాను. "ఇరవై ఏండ్లుగా అమ్ముతాండా, ఇంత సంసారం ఉండాదని నాకు తెలీదే!" అంది. మర్నాడు ఇంకో ఇద్దరు వినడానికి దగ్గరికి జరిగారు. నాలుగో రోజు అవ్వే నా భుజం మీద గుర్రు పెట్టింది.

"కాపలా మనిషే పడిపోయిండాది సూడండి!" అన్నాడు ఓబులేసు.

రాత్రి పదకొండు దాకా అమ్మ పక్కన కూర్చుని టమోటాలు ఏరి క్రేట్లలోకి ఎత్తేదాన్ని. మొదటి రాత్రి నాలుగు గంటలే నిద్ర. పొద్దున కాగితం ముందు పెట్టుకుంటే నాయన వచ్చి వెనక నిలబడ్డాడు. 'ఆరున్నర గంటలు' అని రాసేశాను. ఆయన ముఖం విప్పారింది. ఆ ముఖం చూశాక తర్వాతి రోజు తగ్గించి రాయడానికి చెయ్యి రాలేదు. వారమంతా ఆరున్నరే రాశాను. నిజం మాత్రం నా డైరీలో రాసుకున్నాను. డైరీకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

సోమవారం అవ్వ, నాయన, నేను మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. మేడమ్ ఆ కాగితం చూసి కళ్లజోడు సర్దుకుంది.

"పదకొండుకు పడుకుంటానే నిద్ర, ఐదున్నరకు మెలకువ. ఏడు రోజులూ నిమిషం తేడా లేదు. ఇంత బాగుంటే నువ్వింక నా దగ్గరికి రావాల్సిన పన్లేదు వసుధా."

నాయన అత్తకు చెప్పాలని అప్పుడే ఫోన్ తీశాడు. నోరు మూసుకుంటే వైద్యం ఆగిపోతుంది. నోరు తెరిస్తే కాలేజీ ఆగిపోతుంది. క్లాసులో లాగే మాట గొంతు దాకా వచ్చి నిలబడింది.

"అది అబద్ధం మేడమ్" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

నాయన చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. "మరి నిజం తెలుసా?" అని అడిగింది మేడమ్, కోపం లేకుండా. సంచిలోంచి డైరీ తీసి చదివాను. సోమవారం, మంగళవారం ఒకటిన్నరకు నిద్ర పట్టింది. బుధవారం ఒంటిగంటకు. గురువారం పన్నెండుకు. శుక్రవారం పావు తక్కువ పన్నెండు. శనివారం, ఆదివారం పదకొండున్నర.

మేడమ్ అవన్నీ కొత్త కాగితం మీద రాసి నాయన ముందుకు జరిపింది. "సూడన్నా. అబద్ధం కాగితంలో మొదటి రోజూ ఆరున్నరే, చివరి రోజూ ఆరున్నరే. ఏం మారలేదు. నిజం కాగితంలో రెండున్నర గంటలు దొర్లే బిడ్డ అరగంటకొచ్చింది. బాగైతాండేది తనే దాచిపెట్టుకుంది!"

నాయన ఆ అంకెల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూశాడు. "నాకు భయపడి రాసినావా?"

"నీకు కాదు నాయనా. నెలాఖరుకి."

"ఆ గడువు తలకింద పెట్టుకుని పడుకుంటే మీకైనా నిద్ర పడతాదా అన్నా?" అంది మేడమ్.

"సరే, నెలాఖరు లేదు, ఏం లేదు" అన్నాడు నాయన, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "ఎంతకాలం పట్టినా పట్టనీ. కాలేజీకి పో. కాగితంలో మాత్రం ఉండేది ఉండేట్టు రాయి."

"ఈ వారం కూడా ఇట్లే నిద్ర పడితే పావుగంట ముందు పడుకోనిస్తా" అంది మేడమ్.

"పావుగంటేనా? అరగంట చెయ్ తల్లీ!" అని అవ్వ బేరం మొదలుపెట్టింది. మేడమ్ తగ్గలేదు.

బయటికి రాగానే నాయన టైము చూసి, మధ్యాహ్నం క్లాసులు ఉండాయి కదా అంటూ అవ్వను ఊరి బస్సెక్కించి నన్ను బండెక్కించుకున్నాడు. గేటు దగ్గర దిగి పరుగెత్తాను. పాఠం అప్పుడే మొదలైంది. బాటనీ మేడమ్ ఆలస్యమెందుకని ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులోనే, అందరికీ వినిపించేలా చెప్పాను.

"ఆసుపత్రికి పోయినా మేడమ్. నిద్ర ఎట్ల పోవాలో నేర్చుకునేదానికి."

"మమ్మల్ని అడిగింటే క్లాసులోనే నేర్పిస్తాం కదా!" అంది వెనక బెంచీలోంచి మాధవి. క్లాసంతా నవ్వింది, మేడమ్ కూడా. నేనూ నవ్వుతూ వెళ్లి మాధవి పక్కన కూర్చున్నాను.