ఒంటి కీళ్ళూ ఇంటి కీళ్ళూ

పొద్దున ఆరింటికి ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోడలే. లేవడమంటే కళ్ళు తెరవడం వరకే. వేళ్ళు ఇంకో గంటకి గానీ లేవవు. రాత్రే పొయ్యి మీద పెట్టి ఉంచిన నీళ్ళ కింద మంట వెలిగించి, కాస్త కాగాక రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి, వంటగదిలో పీట మీద కూర్చునేది. పక్కన చాప మీద అయిదో నెల పాప కాళ్ళు కొట్టుకుంటూ పైకప్పుతో కబుర్లు చెప్పేది.

ఆ వేళ్ళు కదిలేదాకా ఇంట్లో తలుపులూ కదలవు. ఆమె కీళ్ళు బిగుసుకుంటే తలుపుల కీళ్ళూ బిగుసుకునేవి. మూసినవి మూసినట్టే, తీసినవి తీసినట్టే. పాలవాడు ఆ సంగతి తెలిసి కిటికీ ఊచల్లోంచి పాకెట్లు అందించేవాడు. పక్కింటావిడ మేడ మీద బట్టలారేస్తూ, "ఇవాళ మీ తలుపులెలా ఉన్నాయండీ?" అని కేకేసేది. "పర్లేదు, ఏడింటికే వచ్చాయి," అని అత్తగారు చెప్పేది. తలుపుల బాగోగులు వీధి వీధంతా కనుక్కున్నారు గానీ, వాటితో పాటు బిగుసుకునే మనిషి ఎలా ఉందని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

పెళ్ళికి ముందు ఆమె ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది. చొక్కా చేతికిస్తే మాట పూర్తయ్యేలోగా కాజా పూర్తయ్యేది. అలాంటి చేతులకి ఇప్పుడు పాప గౌను నాడా ముడెయ్యడం గగనమైపోయింది. పళ్ళతో ఒక కొస పట్టుకుని, చిటికెన వేలితో రెండో కొస లాగి ముడేసేది. పాలసీసా మూత మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పేది. పాపని అరచేతులతో ఎత్తడం ఎప్పుడో మానేసింది. రెండు ముంజేతులూ కలిపి పళ్ళెంలా చేసి, గడ్డంతో కాస్త ఆపి, పైకి లేపుకునేది. పాపకి అదేదో ఆటనిపించి కిలకిలా నవ్వేది.

అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి దిగిపోయింది. ఆవిడ నడిచొస్తుంటే ఒకప్పుడు రోగులు సైతం మూలగడం ఆపేసేవారని చెప్పుకుంటారు.

"ముప్పై రెండేళ్ళు వార్డులో పనిచేశాను," అనేది. "నొప్పున్నవాళ్ళు ఎలా ఉంటారో నాకు చెప్పకు. వాళ్ళు తినరు. నువ్వు రెండుపూటలా తింటున్నావు."

"తినకపోతే పాపకి పాలెక్కణ్ణించొస్తాయి అత్తయ్యా?"

"అదిగో, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు."

మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. చెడ్డవాడని ఎవరూ అనరు. కానీ అమ్మ మాట్లాడుతుంటే అతనికి గోడ మీద కేలెండరు చాలా ఆసక్తిగా కనిపించేది. తలుపు రాక రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమై చీవాట్లు తిన్నాక, డిపో నుంచి డబ్బాడు గ్రీజు తెచ్చి కీళ్ళన్నిటికీ పట్టించాడు. పెళ్ళాం చేతులకి రాసే మందు గురించి మాత్రం అతనికి తోచలేదు. ఆమె మళ్ళీ అడగనూ లేదు. రెండుసార్లు అడిగాక మూడోసారి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అభిమానం ముదిరి పగలా తయారైంది. ముగ్గురూ ఒకే గిన్నెలోది వడ్డించుకు తింటూ, ఒకరినొకరు శత్రుదేశాల్లా కనిపెట్టుకుని ఉండేవారు.

ఒక మధ్యాహ్నం పాపకి స్నానం చేయించి తెస్తుంటే, మంచానికి జానెడు దూరంలో ఉండగా ఎడమ మణికట్టు చచ్చుబడింది. పాప జారి పరుపు మీద పడింది. దెబ్బ తగల్లేదు, ఏడవనూ లేదు. కానీ గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

ఆ సాయంత్రమే తీర్పు వచ్చింది. పాప రెండేళ్ళు ఆడబిడ్డ దగ్గర పెరగాలి. ఆడబిడ్డ బళ్ళో లెక్కల పంతులమ్మ. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా పిల్లల్లేరు.

"నీ మంచికే," అంది అత్తగారు. "నీకు విశ్రాంతి, దానికి ముచ్చట."

కోడలు మొగుడి వైపు చూసింది. అతను కేలెండరు వైపు చూశాడు.

"నా బిడ్డని ఇవ్వను."

"ఎత్తుకోలేనిదానికి ఇవ్వననే మాటెందుకే?"

మూడు రోజులు ఆమె పాపని కింద పెట్టలేదు. నిద్రలో కూడా ముంజేతుల మధ్యే ఉంచుకుంది. ఆ మూడు పొద్దుటలూ తలుపులు తొమ్మిదింటి దాకా రాలేదు. ఇంట్లో అందరూ విసుక్కున్నారు, తలుపుల్ని.

ఆదివారం మాత్రం చిత్రంగా ఎనిమిదింటికే వచ్చాయి. ఇదే అదనని అత్తగారు తువ్వాలు భుజానేసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆవిడ నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తుండగానే వీధిలో ఆడబిడ్డ కారు హారను మోగింది.

ఆ హారనుకి కోడలి ఒళ్ళంతా ఒక్కసారిగా పట్టేసింది. మోచేతులు, మోకాళ్ళు, చివరికి దవడ కూడా. పాపని గుండెకి కరుచుకుని గోడవారన కూలబడింది. ఇంట్లో తలుపులన్నీ టకటకా బిగుసుకున్నాయి. బయట మెట్ల మీద ఆడబిడ్డ, చేతిలో సరికొత్త పాప బుట్ట. స్నానాలగదిలో అత్తగారు.

"ఒరేయ్! తలుపు రావట్లేదురా!"

మొగుడు భుజంతో తోశాడు. కాలితో తన్నాడు. చివరికి సుత్తి తెచ్చి పై కీలు మీద ఒక్కటిచ్చాడు. ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరూ తలుపుల్ని కొట్టి ఉండలేదు. ఆ దెబ్బకి గోడవారన కూర్చున్న కోడలు కెవ్వుమంది.

"నాటకాలు!" అంది లోపల్నించి అత్తగారు. "కొట్టరా, ఆపకు!"

అతను రెండో దెబ్బ కొట్టాడు. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్న ఆడబిడ్డ కళ్ళముందే మరదలి కుడి మణికట్టు పొంగిన రొట్టెలా ఉబ్బింది. అంత నొప్పిలోనూ ఆ చేతి మీంచి పాప జారలేదు. పంతులమ్మ అది చూసింది.

"ఆపరా దున్నపోతా!" అని అరిచింది. "నీ పెళ్ళాం చెయ్యి చూడు!"

అతను సుత్తి కిందపెట్టి వచ్చి చూశాడు. ఇన్ని నెలల్లో అంత దగ్గర నుంచి చూడడం అదే మొదలు. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏమైందిరా?"

"వాచిందమ్మా."

"ఎర్రగా ఉందా? ముట్టుకుంటే వేడిగా ఉందా?"

"ఉంది."

"రెండో చెయ్యి?"

అతను రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోబోయింది గానీ చెయ్యి కదలలేదు. "అదీ అంతేనమ్మా. వేళ్ళ మొదళ్ళ దగ్గర కూడా."

తలుపవతల చెంబు నేల మీద పెట్టిన చప్పుడైంది. ఆవిడ వెనక ముప్పై రెండేళ్ళ వార్డు ఉంది. అది ఏ జబ్బో, ఆ జబ్బుకి మంచాలెక్కిన ఆడవాళ్ళెవరెవరో ఆవిడకి తెలుసు.

"పాపని నువ్వు తీసుకో," అంది చివరికి. "నీ పెళ్ళాన్ని పడుకోబెట్టి మోచేతుల కింద దిళ్ళు పెట్టు. తువ్వాలు వేణ్ణీళ్ళలో ముంచి, పిండి, చుట్టు. గట్టిగా నొక్కకు. తొందరపెట్టకు."

మొగుడు చెప్పినట్టే చేశాడు. గంట గడిచింది. తలుపు వీసమెత్తు కదల్లేదు. అతనికి ఓపిక నశించింది.

"నువ్వు కాస్త మనసు పెడితే వస్తుంది కదా!"

నిజానికి తలుపులు ఆమె మాట వినేవి కావు. వింటే ఇన్నాళ్ళు ఇలా ఎందుకు పడి ఉంటుంది? ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఎప్పుడూ గోడ మీది కేలెండరు మీదుండే మొగుడి కళ్ళు మొదటిసారి తన మీదున్నాయని గమనించి, చెప్పడం మానేసింది.

"పాప ఎక్కడికీ వెళ్ళదని మీ అమ్మ చేత చెప్పించండి."

"బెదిరిస్తున్నావా?" అంది తలుపవతల గొంతు.

"అవునత్తయ్యా."

కిటికీ దగ్గర ఆడబిడ్డ మొహం నల్లబడింది. "నేనేం దొంగతనానికి రాలేదు. గదికి రంగు కూడా వేయించాను," అంది. గొంతులో కోపం ఎంతుందో ఏడుపూ అంతే ఉంది. "ఇంత బాధతో బిడ్డనెలా పెంచుతావు? అది చెప్పు ముందు."

"మీ తమ్ముడికి రెండు చేతులున్నాయి కదా వదినా."

అందరూ అతని వైపు చూశారు. స్నానాలగది తలుపు కూడా చూసినట్టే అనిపించింది అతనికి. పాప అతని భుజమ్మీద చొంగ కారుస్తూ నిద్రపోతోంది. పారిపోదామంటే తలుపులన్నీ మూసే ఉన్నాయి. "నేను రాత్రి షిఫ్టుకి మారతాను," అన్నాడు మెల్లగా. "పొద్దుట పూటలు పాపని నేను చూసుకుంటాను."

ఆడబిడ్డ నిద్రపోతున్న పాప వైపు ఒకసారి చూసింది. బుట్ట తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాది దాకా ఆ గడప తొక్కలేదు.

కారు చప్పుడు వీధి మలుపు దాటాక లోపల్నించి మాట వినిపించింది. "సరే. పాప ఎక్కడికీ వెళ్ళదు. తువ్వాలు చల్లారితే మళ్ళీ ముంచరా."

పదకొండింటికి తలుపు వచ్చింది. మొగుడి సేవ వల్ల వచ్చిందో, ఆ మాట వల్ల వచ్చిందో, రావలసిన వేళకే వచ్చిందో కోడలికీ తెలీదు. అత్తగారు బయటికొచ్చింది. నానిన వేళ్ళతో కోడలి చెయ్యందుకుని, ఒక్కొక్క కణుపూ నొక్కి చూసింది. మొహంలోకి చూడలేదు. "నీ మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకోకు," అంది.

"నాకూ అక్కర్లేదు," అంది కోడలు.

సోమవారం ఆవిడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. రిక్షాలో ఇద్దరి మధ్యా సంచి పెట్టుకుని, చెరోవైపూ చూస్తూ వెళ్ళారు. పాత హెడ్ నర్సని గుర్తుపట్టి లైను తప్పించి లోపలికి పంపబోతే ఆవిడ ఒప్పుకోలేదు. బల్ల మీద రెండు గంటలు కూర్చుంది. కోడలు నీళ్ళసీసా మూతతో కుస్తీ పడుతుంటే లాక్కుని తిప్పి ఒళ్ళో పడేసింది.

కీళ్ళ డాక్టరు చిన్నవాడు. వేళ్ళు వంచి చూసి, చీటీ మీద పరీక్షలు రాసి, తలెత్తాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

కోడలు నోరు తెరిచేలోపు అత్తగారు జవాబిచ్చింది. డ్యూటీ డాక్టరుకి రోగి సంగతి అప్పగించే గొంతుతో చెప్పింది.

"పదకొండు వారాల నుంచి. పొద్దుటే గంటకు పైగా బిగుతు, రెండు చేతులకీ సమానంగా. మొదటి వారం నుంచీ చూస్తున్నాను."

డాక్టరు కలం ఆపాడు. "నర్సుగా చేశారట కదా. మరి ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదండీ?"

ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుంది. డాక్టరు కోడలి వైపు చూశాడు. పెద్దావిడ తరఫున ఏదో ఒకటి సర్దిచెబుతుందేమోనని. ఇలాంటప్పుడు కోడళ్ళు సాధారణంగా ఏదో ఒకటి అంటారు. పనుల్లో తీరిక దొరకలేదనో, నేనే చెప్పలేదనో.

ఆమె వాచిన చేతులు రెండూ బల్ల మీద చాపి ఉంచి, అందరితో పాటు తనూ ఆ జవాబు కోసం ఎదురుచూసింది.