దిసారి పెట్టిన రోజు

మా అప్పతో నేను మాట్లాడి మూడేళ్ళయింది. సోములమ్మ అని, నా సొంత అక్క, నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఆవిడ ఊరు ఎక్కడో లేదు. నేను టీచరుగా చేసే అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడితే ఎదురు కొండ మీద ఆవిడ ఇంటి రేకులు కనిపిస్తాయి. నడిస్తే ముప్పావు గంట. మూడేళ్ళలో ఆ ముప్పావు గంట నాకు దొరకలేదని అడిగినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. వాళ్ళు నమ్మారో లేదో గానీ నేను మాత్రం నమ్మేశాను.

తగాదా మామిడికాయ దగ్గర వచ్చింది. మా కొండల్లో కొత్త పండగ కాకుండా కొత్త పంట నోట పెట్టరు. చిక్కుడైనా, సామలైనా, మామిడైనా అంతే. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా, పిల్లలు గుటకలు మింగుతున్నా, దిసారి రోజు చెప్పాలి, అమ్మవారికి పెట్టాలి, తర్వాతే తినాలి. దిసారి అంటే మంచిరోజులు చూసి చెప్పే పెద్ద. మామిడి కొత్త నాడు మా ఇంట్లో పూజ అయ్యాక ఏమీ తినకుండా అప్ప ఇంటికి వెళ్ళేదాన్ని. ఇద్దరం ఒకే కాయ కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని, ఆ ఏటి మొదటి ముక్క కలిసి తినేవాళ్ళం. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఒక్క ఏడూ తప్పలేదు.

మూడేళ్ళ కిందట కొత్తకు వారం ముందు ట్రైనింగని అరకు పిలిచారు. భోజనంలో మామిడికాయ పప్పు పెట్టారు. మైదానం నుంచి వచ్చిన టీచర్లు లొట్టలేసుకుంటూ తింటున్నారు. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే నవ్వుతారేమోనని తినేశాను. అంతటితో నోరు మూసుకున్నా బాగుండేది. కొత్త నాడు అప్ప ఇంటికి వెళ్ళాను. ఆవిడ చేతిలో కాయ పట్టుకుని నా కోసం కూర్చుని ఉంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళున్నారు. ముందే తినేసిన తప్పు కప్పుకోవడానికి గొప్పకు పోయాను.

"నానెప్పుడో తినీసినాను. నాకేటైనా అయిందేటి? మీరలా దిసారి నోటికేసి సూత్తూ కూకోండి" అన్నాను.

అందరూ నవ్వారు. అప్ప నవ్వలేదు. "మరిక్కడికెందుకొచ్చినావు?" అంది. విసురుగా లేచి వచ్చేశాను. ఆవిడది చాదస్తం, నాది చదువు అని ఊరంతా చెప్పాను.

ఈ ఏడు మార్చి ఆఖర్లో డుంబ్రిగుడలో మా టీచర్లందరికీ మళ్ళీ మీటింగు పెట్టారు. ఈసారి పోషకాహారం కాదు, మనశ్శాంతి. జాయ్స్ అనే అమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయేమో. ఈ పిల్ల నాకు మనసు గురించి చెప్పేదేమిటని వెనక వరసలో కూర్చున్నాను. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, చాలాకాలంగా వాయిదా వేస్తున్న పని ఒకటి రాయమంది. పక్కన ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అన్నది కూడా రాయాలట.

నా చెయ్యి నన్నడక్కుండానే 'అప్పతో మాట్లాడాలి' అని రాసేసింది. రోజు దగ్గర 'వీలు చూసుకుని' అని రాశాను.

ఆ అమ్మాయి నా కాగితం చూసింది. "మేడం, ఇది రోజు కాదండి" అంది నెమ్మదిగా.

"నాకు తెలుసమ్మా" అన్నాను. ఒళ్ళు మండిపోయింది. కాగితం మడిచి సంచిలో పడేశాను.

ఆటో దిగి ఊళ్ళోకి వస్తుంటే బుధు తాత అరుగు ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. మా రెండు ఊళ్ళకూ దిసారి ఆయనే. మామిడి కొత్త ఎప్పుడని అడుగుతున్నారు. తాత వేళ్ళు మడిచి లెక్క చూసి, పదకొండు రోజులుందని చెప్పాడు. అంతే, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. వీలు చూసుకుంటామని ఒక్కరూ అనలేదు. రోజంటే రోజే.

నేను మాత్రం అక్కడే నిలబడ్డాను.

"నీకేటి గుంటా?" అన్నాడు తాత. నలభై రెండేళ్ళొచ్చినా ఆయనకు నేను గుంటనే, చిన్నపిల్లనే.

"తాతా, నాకో రోజెట్టు" అన్నాను.

"ఏ పనికి?"

"మా అప్పింటికెల్లాల."

మూడేళ్ళ కిందట దిసారి గురించి నేనన్న మాట ఆయన చెవిన కూడా పడే ఉంటుంది. ఎత్తిపొడుస్తాడనుకున్నాను. ఆయన మళ్ళీ మొదటినుంచీ వేళ్ళు మడిచాడు, విత్తనాలకు చూసినంత శ్రద్ధగా.

"కొత్త నాడే. బారెడు పొద్దెక్కినాక బయల్దేరు. అంతవరకూ ఓ మడి ఉంది నీకు. మీ అప్ప మీద సెడ్డ మాట అనకూడదు."

"అంతేనా?"

"అది సేసి సూడు ముందు."

అదేమంత కష్టమనుకున్నాను. మర్నాడే తెలిసొచ్చింది. మా ఆయా సత్యకుమారి గుడ్లు ఉడకబెడుతూ, "సంతలో మీ అప్పను సూసినాను. మోకాలు వాసిపోనాది, కుంటుకుంటా నడుత్తంది" అంది. 'కుంటనీ, పొగరు తగ్గుతుంది' అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగితే ఊరుకుందా, దాని వెనకే ఇంకో మాట వచ్చింది. ఆ కాలితో ఊట దగ్గర్నుంచి నీళ్ళెలా మోసుకొస్తోంది? మూడేళ్ళలో అలాంటి ఆలోచన నాకు రావడం అదే మొదలు. తిట్టు అడ్డం లేకపోయేసరికి అది నేరుగా వచ్చి కూర్చుంది.

నాలుగో రోజు మా ఆయన దగ్గర నోరు జారాను. నాలిక కరుచుకున్నాను. నేనావిడను రోజుకి ఇన్నిసార్లు తిట్టుకుంటున్నానని అప్పుడే తెలిసింది. నిజంగా సిగ్గేసింది.

కొత్త నాడు పూజ అయింది. ఇంట్లో అందరూ తిన్నారు, నేను తినలేదు. బారెడు పొద్దెక్కాక బయల్దేరాను. కాఫీ తోట దాటాక ఒకసారి, గెడ్డ నీళ్ళు దాటుతూ ఇంకోసారి వెనక్కి తిరిగిపోదామనిపించింది. గుమ్మంలోంచే పొమ్మంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కానీ దిసారి పెట్టిన రోజును తప్పించడం మా వంశంలో లేదు. ఒక్కసారి తప్పించిందాన్ని నేనే, దాని ఫలితం అనుభవిస్తూనే ఉన్నాను.

అప్ప అరుగు మీద కాలు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. దారంతా వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"అప్పా, తప్పు నాదే. కొత్త ముందర తిన్నందుక్కాదు. నువ్వు నాకోసం కాయట్టుకుని కూకుంటే, అందర్లో నిన్ను నవ్వులపాలు సేసీసినాను."

గింజలు చేటలో పడుతూనే ఉన్నాయి. లోపలినుంచి మంగరాజు బావ వచ్చాడు, చేతిలో పచ్చి మామిడికాయ.

"బేగి దీనికేటో సెప్పు రత్నా" అన్నాడు. "మూడేళ్ళ బట్టి మామిడికాయ ముట్టనేదు మీ అప్ప. కొత్త సేత్తాది, మాకందరికీ కోసి పెడతాది, తను తిందు. ఎందుకే అంటే, నాకింకా కొత్త అవనేదు అంటాది."

ఆ మూడేళ్ళలో నేను పప్పులో, పచ్చడిలో, మీటింగు భోజనాల్లో లెక్కలేనన్ని మామిడికాయలు తిన్నాను. ఒక్కదాని రుచీ గుర్తులేదు. ఆవిడ ఒక్క కాయ చేత్తో పట్టుకుని మూడేళ్ళు నాకోసం కూర్చునే ఉంది. అరుగు కింద కూలబడి భోరుమన్నాను.

"ఏడుపాపు" అంది అప్ప. "లేసి కత్తిపీట తే. ఎక్కడుంటాదో మర్సిపోనావేటి?"

మరిచిపోలేదు. తలుపు వెనకే ఉంది. తెచ్చి కాయ కోశాను, ఉప్పూ కారం కలిపాను. మొదటి ముక్క సగం చేసి ఆవిడకిచ్చాను. అప్ప కళ్ళు మూసుకుని నమిలింది. ఆ తర్వాత పళ్ళు పులిసిపోయేదాకా ఇద్దరం తింటూనే ఉన్నాం.