తువ్వాలు కింద ఫార్మేషన్

పేట ఫుట్‌బాల్ జట్టు ఆదివారం ఎలా ఆడాలన్నది శనివారం సాయంత్రం కోటిలింగం మిర్చి కొట్లో తేలుతుంది. జగ్గయ్యపేటలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎలా తేలుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. తెలిస్తే నవ్విపోతారు.

కోటిలింగం క్లబ్బుకు ప్రెసిడెంటు. వ్యాపారంలో ఎంత నిదానమో ఆట దగ్గర అంత ముక్కోపి. సెక్రటరీ జగన్నాథరావుది పక్కనే చిల్లకల్లు. సుబాబుల్ తోటలున్న రైతు, కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి ఆడినవాడు. ఆ ముచ్చట ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు. కోటిలింగానికి టీవీలో చూసే విదేశీ క్లబ్బుల్లా వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు ఉండాలి. జగన్నాథరావుకు మధ్యలో ఐదుగురు కావాలి, ముందు ఒక్కడు చాలు. ఆటగాళ్ల ఎదుట పెద్దవాళ్లిద్దరూ అరుచుకుంటే బాగోదని మొదట్లోనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ధర బయటికి పొక్కకుండా మిర్చి వ్యాపారులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరమాడతారు. వీళ్లు ఎక్కడ ఎందరు నిలబడాలన్న ఫార్మేషన్ కూడా అలాగే తేల్చుకునేవాళ్లు.

కోటిలింగం భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. ఇటునుంచి నాలుగు వేళ్లు, మూడు, మళ్లీ మూడు. అటునుంచి నాలుగు, ఐదు, ఒకటి. ఒకరి వేలు ఒకరు మడిచి, మళ్లీ విప్పి, మొహాలు మాత్రం వానాకాలం కబుర్లు చెప్పుకుంటున్నట్టు పెట్టుకుని చాలాసేపు లాగేవాళ్లు. చివరికి ఏ బేరంలోనైనా జరిగేదే జరిగేది. నువ్వొకటి దిగు, నేనొకటి ఎక్కుతా. మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. చెయ్యి కలిపి వదిలాక మాట తప్పడం వ్యాపారంలో లేదు గనక, జట్టు ఆ లెక్కనే మైదానంలోకి దిగేది.

అలా సీజనంతా పేట జట్టు ఇద్దరికీ ఇష్టంలేని ఆట ఆడింది. ధర అయితే సగానికి తెగ్గొట్టుకోవచ్చు, ఆటను అలా తెగ్గొడితే చేతిలో ఏమీ మిగలదన్న ఆలోచన ఇంత తెలివైన ఇద్దరికీ రాలేదు. ముందు మనుషులు చాలక మనకు గోల్సు పడలేదు, మధ్యలో మనుషులు చాలక అవతలివాళ్ల గోల్సు ఆగలేదు. చూస్తూ చూస్తూ జిల్లా లీగు రెండో డివిజన్ పట్టికలో అడుగుకు జారి, ఆఖరి మ్యాచ్ దగ్గరికి వచ్చిపడ్డారు. అదీ నందిగామతో, వాళ్ల గ్రౌండులో. డ్రా చేసుకుంటే గండం గట్టెక్కినట్టే. ఓడితే మూడో డివిజన్‌కు పడిపోతారు. మూడో డివిజన్ మ్యాచులంటే జిల్లా ఆ చివరిదాకా తిరగాలి. ఆదివారం ఒక్కపూట తీరిక దొరికే లారీ డ్రైవర్లు, యార్డు హమాలీలు, సిమెంటు ఫ్యాక్టరీ కుర్రాళ్లు అంతంత దూరాలు రాలేరు. ఇక జట్టు మూతే. ఆ మాట తలుచుకుంటే కోటిలింగానికి కంటిమీద కునుకు ఉండటం లేదు.

ఆ శనివారం ఆయన తువ్వాలు దులపబోతుండగా కోచ్ నాగవల్లి వచ్చింది. ఆమె చిల్లకల్లు హైస్కూల్లో పీఈటీ. ఒకప్పుడు స్టేట్ జట్టుకు డిఫెన్సులో ఆడింది. ఇన్నాళ్లూ బేరం తెగాక ఫలానా లెక్క అని ఈమెకు చెబితే, సరేనని తలూపి తన పని తాను చేసుకునేది. ఈసారి స్టూలు లాక్కుని కోటిలింగం ఎదురుగా కూర్చుంది.

"రేపటి బేరం నాతో ఆడండి, కోటిలింగంగారూ," అంటూ కుడిచెయ్యి చాపింది.

కోటిలింగానికి మిరపకాయల ఘాటుకో మొహమాటానికో పొలమారింది. జగన్నాథరావు వంక చూశాడు. ఆయన నాకేం తెలుసన్నట్టు భుజాలెగరేశాడు. చేసేది లేక తువ్వాలు కప్పి, చెయ్యి కలిపాడు.

ఐదు వేళ్లు ఆనాయి. తర్వాత నాలుగు. తర్వాత ఒకటి.

ఆయన ఉలిక్కిపడి ఆ ఐదులో ఒక వేలు మడిచాడు. అది మళ్లీ విచ్చుకుంది. మళ్లీ మడిచాడు. మళ్లీ విచ్చుకుంది. యార్డులో ఎంతెంతమంది మొండివాళ్ల వేళ్లో మడిచిన చెయ్యి ఆయనది. ఇంత నెమ్మదిగా, ఇంత పట్టుదలగా, కోపమన్నది లేకుండా తిరిగి విచ్చుకునే వేలు మాత్రం ఇంతకుముందు తగల్లేదు. మనసులో సెభాష్ అనుకుని, పైకి మాత్రం భగ్గుమన్నాడు.

"ఐదుగురు వెనకాలా?" తువ్వాలు లాగేసి, రహస్యం గిహస్యం మర్చిపోయి అరిచాడు. "ఆటకెళ్తున్నామా, బందోబస్తుకెళ్తున్నామా? నందిగామోళ్ల ముందు దాక్కుని ఆడితే రేపు నేను బజార్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"మనకి డ్రా చాలండి."

"మరి మా నవనీత్ ఎక్కడ ఆడతాడు? ముందు ఒక్కడేగా అంటున్నావ్?"

అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. నవనీత్ ఆయన ఒక్కగానొక్క కొడుకు. డిగ్రీ పూర్తిచేసి తండ్రితో కొట్లో కూర్చుంటున్నాడు. ఎడమ వింగులో బంతి పట్టుకుని వాడు పరుగు తీస్తుంటే కోటిలింగం గ్రౌండు పక్కన కుర్చీలో కూర్చోలేడు. ముందు ముగ్గురుండాలన్న ఆయన పట్టుదలకు మూలం టీవీలో లేదు, ఇంట్లోనే ఉంది. ఇది ఊరందరికీ తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు.

"నవనీత్ ఆ ఐదుగురిలోనే ఉంటాడండి. ఎడమ చివర."

"డిఫెన్సులోనా!"

"అవునండి. ఈ ఏడు మన మీద పడ్డ గోల్సులో ఎక్కువ ఎడమ పక్కనుంచే పడ్డాయి. నవనీత్ ముందుకెళ్తాడు, వెనక్కి రాడు. వాడొదిలిన ఖాళీని కెప్టెన్ సొలొమోను ఒక్కడూ ఎంతకని కాస్తాడు? తెల్లారేదాకా లారీ తోలి వచ్చినవాడు. ఈ సంగతి జట్టులో అందరికీ తెలుసు. మీతో చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు."

జగన్నాథరావు మిర్చి బస్తాలను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూడటం మొదలుపెట్టాడు. కోటిలింగం మొహం కందగడ్డ అయింది. ఈవిడ కోచ్ పని నా నోటి మాట మీద ఉందే, ఎంత ధైర్యం, అని ఒక పక్క ఒళ్లు మండుతోంది. మొహం మీద నిజం చెప్పే మనిషి ఇన్నాళ్లకు దొరికిందని ఇంకో పక్క ఏదో నెమ్మది. ఆ రెండోది ఆయనకే వింతగా ఉంది.

"అంటే, మావాడికి వెనక్కి రావడం చేతకాదంటావ్."

"చేతనవుతుందండి. వాణ్ణెవరూ అడగలేదు, అంతే. మనవాళ్లు బస్తాలు మోసి, లారీలు తోలి వచ్చేవాళ్లు. నిలబడి ఎంతమందినైనా ఆపుతారు గానీ ఆఖరిదాకా పరిగెత్తలేరు. పరిగెత్తగలిగేది నవనీత్ ఒక్కడే. అందుకే అంత పెద్ద పని వాడికిస్తున్నా. ఎడమ పక్కంతా వాడిదే. ముందుకీ వాడే, వెనక్కీ వాడే."

కొడుకును మెచ్చుకునేవాళ్లు కోటిలింగానికి కొత్త కాదు. నమ్మి పని అప్పజెప్పినవాళ్లు మాత్రం లేరు. తనూ అప్పజెప్పలేదు. కొట్లో తూకం దగ్గరికి కూడా వాణ్ణి రానివ్వడు.

"పోనీ ఒకటి తగ్గు. వెనక నలుగురు," అన్నాడు, అలవాటు కొద్దీ.

"తగ్గనండి."

"ఒప్పుకోండి శెట్టిగారూ," అన్నాడు జగన్నాథరావు. "మధ్యలో నలుగురున్నారుగా. నా లెక్కలో ఒకడు తగ్గినా నేనేమీ అనుకోను."

కోటిలింగం ఆయన్ని మింగేసేలా చూసి, గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర నవనీత్ ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. ఓదార్చాలో, గట్టిగా చెప్పాలో తెలియక తండ్రి ఇంకాస్త పప్పు వెయ్యమని భార్యతో అన్నాడు.

మర్నాడు నందిగామలో ఎండ మాడ్చేస్తోంది. పేట జట్టు వెనక ఐదుగురు బారుగా నిలబడేసరికి గట్టు మీద కుర్రాళ్లు ఈలలేశారు. "పేటోళ్లు గోడ కట్టుకొచ్చార్రోయ్!" కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. ఆట మొదలైన చాలాసేపటిదాకా తలెత్తకుండా తన చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత నెమ్మదిగా చూడటం మొదలుపెట్టాడు. చూసేకొద్దీ మెడ నిటారుగా లేచింది. సొలొమోను ఎప్పటిలా రొప్పుతూ ఎడమకీ కుడికీ పరుగులు తీయడం లేదు. దర్జాగా మధ్యలో నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే తలతో బయటికి పంపేస్తున్నాడు. ఒకడు ముందుకు అడుగేస్తే మిగతా నలుగురూ ఆ ఖాళీలోకి సర్దుకుంటున్నారు. నందిగామ సెంటర్ ఫార్వర్డ్ వీరేంద్ర ఆ వరుస ముందు వెళ్లి వచ్చి, వెళ్లి వచ్చి విసిగిపోయాడు. నాగవల్లి అరవడం లేదు. గీత పక్కన నిలబడి అరచెయ్యి కాస్త పైకెత్తుతోంది, వరుస మొత్తం రెండడుగులు ముందుకొస్తోంది. దించుతోంది, వెనక్కి తగ్గుతోంది. ఇంత అందం డిఫెన్సులో ఉంటుందని కోటిలింగానికి ఏ టీవీ చెప్పలేదు. ఎంత గొప్ప మనిషిని పట్టుకుని ఇన్నాళ్లూ తలూపే పనిలో పెట్టామురా దేవుడా అని లోలోపల నొచ్చుకున్నాడు.

ఆట ముగింపుకొచ్చింది. రెండు వైపులా గోల్ లేదు. అప్పుడు పేటకు ఒక కార్నర్ దొరికింది. నవనీత్ ఆశ ఆపుకోలేక నందిగామ గోల్ ముందుకు వెళ్లాడు. బంతి వాడి నెత్తిమీదుగా పోయింది. అవతలివాళ్లు అందుకుని ఒక్క తన్ను తన్నారు. అది పేట వైపు, సరిగ్గా ఆ ఎడమ పక్కనే పడింది. అక్కడ ఎవరూ లేరు. ఎదురుగా వచ్చిన సొలొమోనును తప్పించుకుని వీరేంద్ర దూసుకుపోయాడు. కోటిలింగం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అయిపోయింది, జట్టు పోయింది అనుకున్నాడు.

అంతలో ఆయన కళ్ల ముందునుంచి కొడుకు వెళ్లాడు. ముందుకు పరిగెత్తేటప్పుడు వాడి మొహంలో ఉండే షోకు ఇప్పుడు లేదు. పళ్లు బిగించి, నోట్లో దుమ్ము కొట్టుకుంటుంటే, అవతలి గోల్ నుంచి ఇవతలి గోల్ దాకా ఎవరూ చూడకపోయినా ఏదో ఒకటి కాపాడుకోవాలని పరిగెత్తే మనిషిలా పరిగెత్తుతున్నాడు. ముందుకొచ్చిన పేట గోల్‌కీపర్ బెన్నిని దాటించి వీరేంద్ర బంతిని నెట్టాడు. అది గోల్ గీత మీదికి దొర్లుతుండగా నవనీత్ నేల మీద జారుతూ వచ్చి కాలితో బయటికి తన్నేసి, ఆ ఊపులోనే వెళ్లి స్తంభానికి కొట్టుకున్నాడు.

రెఫరీ ఆఖరి విజిల్ ఊదాడు. జట్టు నిలిచింది. జగన్నాథరావు ఎవర్నో కౌగిలించుకుని యూనివర్సిటీ రోజులు మొదలుపెట్టాడు.

కోటిలింగం గ్రౌండుకు అడ్డంపడి పరిగెత్తాడు. నవనీత్ స్తంభానికి చేరబడి కూర్చున్నాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. నాగవల్లి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని నీళ్లతో మొహం కడుగుతోంది. "బాగా వచ్చావురా వెనక్కి," అని మాత్రం అంది. వాడి మొహం ఆ ఒక్క మాటకే వెలిగిపోయింది. గోల్ కొట్టినప్పుడు కూడా కోటిలింగం కొడుకు మొహంలో ఆ వెలుగు చూడలేదు.

"నాన్నా," అన్నాడు నవనీత్, చిట్లిన పెదవితోనే నవ్వుతూ. "వచ్చే ఏడు కూడా నేను వెనకాలే ఆడతా. సరేనా?"

కోటిలింగం భుజం మీది తువ్వాలు తీసి కొడుకు పెదవికి అద్దాడు.

"నన్నడుగుతావేంట్రా? మేడమ్‌ని అడుగు," అన్నాడు.