గోడ మీద రాజమణి పేరు

పత్తర్‌గట్టిలో గాజుల దుకాణం పైన రెండు గదుల్లో నడిచే ఆ మహిళా సహాయ సంస్థలో ఖదీజా చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఇళ్లలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు చెప్పుకునేదంతా ఆమే విని రాసుకుంటుంది. ఈ ఏడు ఆ రాతలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. దాంతో పని ఎలా చేయాలో నేర్పడానికి అమరనాథ్ అనే ట్రైనర్ వచ్చాడు.

గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు పడింది. అడ్డంగా ఉన్న ఒక్కో వరుస ఒక్కో మనిషి అనీ, నిలువు గడుల్లో ఆ మనిషి సంగతులుంటాయనీ అతను చెప్పాడు. ఖదీజాకు అర్థమైంది, బాగానే ఉందనిపించింది కూడా. తర్వాత వెతకడం చూపిస్తానని 'గర్భస్రావం' అని కొట్టాడు. జల్‌పల్లి రాజమణి వరుస పైకి వచ్చింది. పేరు, ఫోన్ నంబరు, మొగుడు కడుపులో తన్నిన సంగతి, అన్నీ గోడంత అక్షరాల్లో.

సంస్థ పెద్ద రామ్‌చందర్ మిర్చిబజ్జీ నములుతూ లేచి, ఆ వాక్యం మీద నూనె వేలు నడిపిస్తూ గట్టిగా చదివాడు. ఎంత తొందరగా దొరికిందో అని మెచ్చుకున్నాడు. తలుపు తీసే ఉంది. కింది దుకాణం సేట్ గడపలో నిలబడి తనూ చదువుతున్నాడు.

రాజమణి కొంగు నోట్లో కుక్కుకుని, ఖదీజా ఒక్కతెకే చెప్పిన మాటలవి. ఖదీజాకు ఆ గదిలో గాలి పీల్చడమే రోత అనిపించింది. మూసేయమని అడిగింది. ప్రాక్టీసే కదా, ఇదొక రికార్డు మాత్రమే అన్నాడు అమరనాథ్. ఆమె లేచి ప్రొజెక్టర్ వైరు పీకేసింది.

"ఏంది ఖదీజమ్మా గీ లొల్లి? మనోళ్లమే గద ఉన్నది," అన్నాడు రామ్‌చందర్.

"మీరు పోయి చెయ్యి కడుక్కోండ్రి సార్," అని ఆమె అమరనాథ్ వైపు తిరిగింది. "ఎవరు చూడొచ్చు, ఎవరు చూడొద్దు, గది ఎట్ల పెడతరో ముందుగాల గదే నేర్పు."

అది చివరి పాఠమన్నాడతను. ఆమె కదల్లేదు. నేర్పక తప్పలేదు. ఎవరి పాస్‌వర్డ్‌కు ఏ గడి కనబడాలో సాయంత్రానికి ఖదీజా తన చేత్తోనే పెట్టింది. బాధలు రాసిన గడి రామ్‌చందర్‌కు కనబడకుండా పోయింది. ఆయన మండిపడి ఉద్యోగం మాట ఎత్తాడు.

"తీసెయ్యుండ్రి సార్. రేపటి సంది ఆళ్ల ఏడుపు మీరే కూసొని వినుండ్రి," అంది ఖదీజా. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఖదీజాను అక్కలా 'ఆపా' అని పిలిచే రాజమణి మరునాడు వచ్చింది. ఖదీజా జరిగినదంతా దాచకుండా చెప్పింది.

"సేట్ గూడ చూసిండా ఆపా?"

"చూసిండు."

రాజమణి తన సంగతి మొత్తం తుడిచేయమంది. కేసుకు పనికొస్తుందేమోనని ఖదీజా చెప్పిచూసినా వినలేదు. ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఖదీజా ఆ వరుసను తీసేసింది. ఇంక ఇక్కడికి రానని చెప్పి రాజమణి మెట్లు దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఖదీజా మిగిలిన ఆడవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కంప్యూటర్‌లో ఉంచమంటారా, తీసేయమంటారా అని అడగడం మొదలుపెట్టింది.