అయస్కాంతం ఆపేసిన రోజు

మా ఆయన గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. గండం గడిచిందని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ అప్పట్నుంచి మా ల్యాబ్‌లో పెద్ద అయస్కాంతం ఉన్న గదిలోకి ఆయనకి ప్రవేశం లేదు. దగ్గరికి వెళితే ఆ పరికరం లయ తప్పుతుందట. నేలమీద ఎర్రగీత గీసి, దాన్ని దాటొద్దన్నారు. ఇరవై ఏళ్లు ఇద్దరం పక్కపక్కన కూర్చుని, పోట్లాడుకుంటూ పనిచేసిన గది అది.

మా పనేమిటో చెబితే మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతారు. వెంట్రుకకన్నా వేల రెట్లు పలచని లోహపు పొరలో ఎలక్ట్రాన్ల స్పిన్‌లన్నీ, అంటే వాటిలోని బుల్లి అయస్కాంతాలన్నీ, ఒకే దిక్కుకి తిరిగి నిలబడతాయా లేదా అని చూడటమే మా పని. "కంటికి కనబడని దానికోసం కళ్లు పోగొట్టుకుంటున్నారు" అంటారావిడ. నిజమే మరి.

అలా నిలబడ్డాయని చెప్పే సిగ్నల్ నిన్న వచ్చింది. తెరమీద గీత నిటారుగా లేచింది. "చూశారా" అంటూ పక్కకి తిరిగాను. ఎవరున్నారు నా మొహం! ఏడుపొచ్చేసింది.

ఇంటికెళ్లి ఫొటో చూపించాను. "బావుంది" అన్నారు, పరాయివాళ్ల పిల్లని మెచ్చుకున్నట్టు. నాకు ఒళ్లు మండింది. ఇవాళ పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకెళ్లి గది బయట నిలబెట్టి, అయస్కాంతాన్ని మెల్లగా సున్నాకి దించేశాను. అయస్కాంత బలం కొలిచే మీటరు పట్టుకుని మూలమూలా చూసుకున్నాకే లోపలికి రమ్మన్నాను.

వచ్చి కూర్చున్నారు. పంపు చప్పుడు విన్నారు, కేబుళ్లు తడిమారు. ఆ తర్వాత తెర చూశారు. గీత నేలకి అతుక్కుపోయి ఉంది.

"సిగ్నలేదీ?"

"అయస్కాంతం ఆపేస్తే స్పిన్‌లు తలో దిక్కూ చెదిరిపోవూ? ఆ మాత్రం తెలీదా మీకు?"

"తెలిసే ఆపావా? మళ్లీ వస్తుందో రాదో."

"రాకపోతే పోనీండి. నేనొక్కదాన్నే చూడలేను."

నా చేయి పట్టుకున్నారు. ఇలా కూర్చోవడం కోసం ఎంత అల్లాడిపోయానో చెబుదామనుకున్నాను.

"సరే, నేను బయటికెళతాను. మళ్లీ పెంచు" అన్నారు లేస్తూ.

"ఇంకాసేపు కూర్చోండి."

"నేను కూర్చుంటే అది రాదు కదే."

తలుపు వేసుకుని వెళ్లిపోయారు. నేను ఆయన కూర్చున్న కుర్చీలోకి మారాను. ఇంకా వెచ్చగా ఉంది.

"పెంచావా?" బయటినుంచి కేకేశారు.

"ఆ, పెంచుతున్నానండీ" అన్నాను. అయస్కాంతం మీట ముట్టుకోలేదు.