కొలిచేవాడి థర్మామీటరు

ఫ్యాక్టరీలో మేనేజరు చెప్పినా సరే, ఊరికే నమ్మే రకం కాదతను. అక్కడ వాడే ప్రతి థర్మామీటరునీ ఓసారి మంచునీళ్లలో, ఓసారి మరిగే నీళ్లలో ముంచి చూశాకే బాగుందని చీటీ అతికిస్తాడు. అదే అతని ఉద్యోగం, అదే అతని గర్వం.

అంతటివాడు, పొద్దున భార్య "పాప ఒళ్లు కాలిపోతోందండీ, చూడండి" అనగానే సొరుగులోంచి పాత థర్మామీటరు తీసి పాప చంకలో పెట్టాడు. జ్వరం లేదంది అది. అయినా ఆమె ఒప్పుకోకపోయేసరికి అతనికి ఒళ్లు మండింది.

"సైన్సు మాట వింటావా, నీ చెయ్యి మాట వింటావా?" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచి పనికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి పాప మూలుగుతుంటే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు.

"నూట మూడుంది! పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదు?" అని కసిరిందావిడ.

"మా థర్మామీటరు జ్వరం లేదందండీ," అని నసిగాడు.

"అది సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎప్పుడైనా చూశారా?"

తన ఉద్యోగమేమిటో భార్య ఎక్కడ చెప్పేస్తుందోనని అతను ఓరగా ఆమె వైపు చూశాడు. ఆమె పెదవి విప్పలేదు.

మందు పడ్డాక పాప నిద్రపోయింది. ఇంటికి నడుస్తూ, "నీ చెయ్యే నిజం చెప్పింది," అన్నాడు తల దించుకుని.

"నా చేతిని నేనూ నమ్మలేదండీ. చన్నీళ్లతో గిన్నెలు తోమి వచ్చానేమో, అందుకే ఒళ్లు వేడిగా అనిపించిందేమోనని అత్తయ్యగారిని కూడా పట్టుకు చూడమన్నాను. ఆ తర్వాతే మిమ్మల్ని పిలిచాను."

అతను వీధిదీపాల వెలుగు పడని వైపుకి జరిగి నడిచాడు.